మావాడు రెడీయేనా అక్కా?

మా ఇంటికి ఫోన్లు రెండు సీజన్లలో ఎక్కువగా వస్తాయి. ఒకటి నవంబర్ మొదటి రెండు వారాలు, రెండోది మార్చి నెల. నేను డాలస్ దగ్గర ఒక కమ్యూనిటీ కాలేజీలో పదమూడేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఆ సంగతి చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ తెలుసు. అందుకే ఆ రోజుల్లో సాయంత్రం పోపు వేసే వేళకి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. అడిగేది ఒకటే. "అక్కా, మావాడు ఈసారి పరీక్ష రాయొచ్చంటారా? రెడీయేనా?"

పరీక్ష అంటే ఏపీ. ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అమెరికాలో హైస్కూల్ పిల్లలు ఏటా మే నెలలో రాసే పరీక్షలు ఇవి. కాలేజ్ బోర్డ్ అనే సంస్థ వీటిని 1955 నుంచి నడుపుతోంది. 1 నుంచి 5 దాకా స్కోర్ ఇస్తారు. మంచి స్కోర్ వస్తే కాలేజీలో ఆ కోర్సు చదవకుండానే క్రెడిట్ వస్తుంది. నవంబర్ మధ్యలో రిజిస్ట్రేషన్ గడువు కాబట్టి అప్పుడు ఫోన్లు. మార్చిలో మాక్ టెస్టులు మొదలవుతాయి కాబట్టి మళ్లీ ఫోన్లు.

పోయిన మార్చిలో మా వీధి చివర ఉండే ఒకావిడ ఏడుస్తూ ఫోన్ చేసింది. వాళ్లబ్బాయి పదో తరగతి, కాలిక్యులస్ మాక్ టెస్టులో 62 శాతం వచ్చింది. "62 అక్కా! జీవితంలో వాడికి ఇంత తక్కువ ఎప్పుడూ రాలేదు. డబ్బులు పోతే పోయాయి, మానిపించేస్తాను" అంది. అదే వారం ఇంకొకాయన చాలా ధీమాగా ఫోన్ చేశారు. వాళ్లమ్మాయికి క్లాసులో 97 వస్తోంది, ఇంక చూడక్కర్లేదుగా అని.

కాలేజ్ బోర్డ్ బయటపెట్టిన పాత కాలిక్యులస్ పేపర్లు చూస్తే, మొత్తం పాయింట్లలో మూడింట రెండు వంతుల లోపు తెచ్చుకున్నవాళ్లకి కూడా 5 వచ్చిన సంవత్సరాలున్నాయి. అంటే ఆవిడ ఏడ్చిన 62 నిజానికి చాలా మంచి మార్కు. ఇక 97 సంగతి. ఇక్కడి స్కూళ్లలో క్లాసు మార్కులో హోంవర్క్ ఉంటుంది, తప్పు పోయిన టెస్ట్ మళ్లీ రాసుకునే వీలుంటుంది, ఎక్స్‌ట్రా క్రెడిట్ ఉంటుంది. ఆ 97లో ఆ అమ్మాయి ఒంటరిగా, టైమ్ పెట్టుకుని, పుస్తకం మూసేసి చేసింది ఎంతో ఎవరికీ తెలియదు. నేను ఆయన్ని అడిగితే ఆయనకీ తెలియదు.

మన తరం అంకెల్ని ఎలా చూస్తుందో నాకు తెలుసు. నేను నరసరావుపేటలో పదో తరగతి చదివి, ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో చేరినదాన్ని. ప్రతి ఆదివారం టెస్ట్, ప్రతి సోమవారం గోడ మీద ర్యాంకుల లిస్ట్. రెండేళ్ల చదువుకి ఎంసెట్ అనే ఒక్క రోజు అర్థం చెప్పేది. అక్కడ రెడీ అంటే ర్యాంకు రావడం, ర్యాంకు వస్తే సీటు. ఆ తర్వాత ఏమవుతుందో అడిగినవాళ్లు లేరు. ఆ అలవాటునే మనం ఇక్కడికి మోసుకొచ్చాం. ఇక్కడి పరీక్ష వేరే రకందని మాత్రం గమనించుకోలేదు. అక్కడ పరీక్ష సీటు ఇచ్చేది. ఇక్కడి ఈ పరీక్ష పిల్లల చదువులోంచి ఒక కోర్సుని తీసేస్తుంది. ఏ కోర్సు తీసేస్తోంది, అది పోయాక దాని మీద ఏం కట్టాలి అన్నది చూడకుండా రెడీయా కాదా అని అడిగితే నా దగ్గర జవాబు ఉండదు.

ఇది నేను నేర్చుకున్నది నా క్లాసులో కాదు. మా పెద్దమ్మాయి దగ్గర.

తను 2023 మే నెలలో ఏపీ కాలిక్యులస్ ఏబీ రాసింది, అంటే కాలేజీలో కాలిక్యులస్ 1కి బదులు పనికొచ్చేది. జూలైలో స్కోర్ వచ్చింది, 4. ఇంట్లో పాయసం చేశాం. టెక్సాస్‌లో 2015లో చేసిన చట్టం ప్రకారం ప్రభుత్వ యూనివర్సిటీలు మామూలుగా ఏపీలో 3 వస్తేనే క్రెడిట్ ఇవ్వాలి. తనది 4. కాబట్టి ఆ ఆగస్టులో ఇంజినీరింగ్‌లో చేరి, కాలిక్యులస్ 1 వదిలేసి, నేరుగా కాలిక్యులస్ 2లో కూర్చుంది. కూర్చోమని చెప్పింది నేనే. లెక్కల టీచర్నే కదా, నా మాట మీద తనకి నమ్మకం.

అక్టోబర్‌లో ఒకరోజు రాత్రి పదకొండింటికి వీడియో కాల్ చేసింది. మొదటి మిడ్‌టర్మ్‌లో 41 వచ్చింది. "అమ్మా, అన్నీ చూసినట్టే ఉన్నాయి, ఒక్కటీ రావట్లేదు" అంది. ఆ శనివారం కారు వేసుకుని వెళ్లాను. డార్మ్ కింద ఉన్న స్టడీ రూమ్‌లో కూర్చుని తన నోట్‌బుక్ తెరిచాం.

ఆ లెక్క నాకింకా గుర్తుంది. 9 మైనస్ ఎక్స్ స్క్వేర్, దానికి వర్గమూలం, దాన్ని ఇంటిగ్రేట్ చేయాలి. తను ఎక్స్ బదులు 3 సైన్ తీటా అని రాసింది, సరైన పద్ధతే. తర్వాత నాలుగు లైన్లు తప్పు లేకుండా చేసింది. చివర్లో తీటాల్లో జవాబు వచ్చింది. దాన్ని మళ్లీ ఎక్స్‌లోకి మార్చాలి, అక్కడ ఆగిపోయింది. పేజీలో మిగిలిన సగం ఖాళీ. ఒక లంబకోణ త్రిభుజం గీసి, కర్ణం 3, ఎదురు భుజం ఎక్స్ అని పెట్టుకుంటే మూడో భుజం తనంతట తనే వచ్చేస్తుంది. అది తట్టలేదు.

నేను పెన్ను పక్కన పెట్టి అడిగాను. "తల్లీ, ఇంటిగ్రేట్ చేయడం సంగతి వదిలెయ్. దీన్ని గ్రాఫ్ గీస్తే ఏమొస్తుంది?" చాలాసేపు చూసింది. "క్యాలిక్యులేటర్‌లో వేయనా?" అంది.

అది 3 వ్యాసార్ధం ఉన్న అర్ధవృత్తం. ఏపీ పేపర్లలో అర్ధవృత్తం బొమ్మ ఇచ్చి, దాని కింద వైశాల్యం అడిగే ప్రశ్నలు తను కనీసం ముప్పై చేసి ఉంటుంది. బొమ్మ ఇస్తే పది సెకన్లలో చెప్పగలదు. అదే అర్ధవృత్తాన్ని సమీకరణం రూపంలో ఇస్తే గుర్తుపట్టలేదు. తన తెలివిలో లోపం లేదు, కష్టంలో అంతకన్నా లేదు. పరీక్ష ఏ ఆకారంలో అడుగుతుందో ఆ ఆకారంలోనే లెక్క తనకి తెలుసు. పరీక్షకి అది సరిపోయింది. కాలిక్యులస్ 2కి సరిపోలేదు.

నవంబర్‌లో ఆ కోర్సు డ్రాప్ చేసింది. ట్రాన్‌స్క్రిప్ట్ మీద డబ్ల్యూ పడింది, అంటే కోర్సు మధ్యలో మానేసినట్టు గుర్తు. మళ్లీ జనవరిలో మొదటినుంచి. మిగుల్చుకున్నాం అనుకున్న సెమిస్టర్ అలా పోయింది. దాంతోపాటు చాలారోజులు తన మీద తనకున్న నమ్మకం కూడా పోయింది. నాకు బాధ కలిగించింది ఆ రెండోదే. మేలో 2 వచ్చి ఉంటే తను మామూలుగా కాలిక్యులస్ 1లో కూర్చునేది, ఆ అర్ధవృత్తాన్ని అక్కడ తీరిగ్గా కలుసుకునేది. ఏపీలో 2 వస్తే ఆ స్కోర్‌ని మనం ఏ కాలేజీకీ పంపక్కర్లేదు. అందుకే గట్టిగా చెబుతున్నాను. ఫెయిలవడం కంటే రెడీగా లేకుండా పాసవడం వల్లే పిల్లలకి ఎక్కువ నష్టం జరుగుతుంది.

దీన్ని ఒప్పుకోవడం మన ఇళ్లలో కష్టం. పాసైతే నష్టమేంటి అంటారు. అందుకే ఇప్పుడు నాకు ఫోన్ చేసేవాళ్లని మార్కులు అడగడం మానేశాను. ముందు అడిగేది, ఆ కోర్సు తర్వాత ఏముంది అని. కొన్ని కోర్సులు నిచ్చెన మెట్లు. కాలిక్యులస్ 1 మీద కాలిక్యులస్ 2, దాని మీద డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, పక్కనే ఫిజిక్స్. కెమిస్ట్రీ కూడా అంతే. ఇంకొన్ని కోర్సులు గది తలుపు లాంటివి, దాటేస్తే చాలు, వాటి మీద ఇంకేమీ కట్టరు. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో బ్యాచిలర్స్ డిగ్రీ ఏది చదివినా అమెరికా చరిత్ర 6 క్రెడిట్ అవర్లు, ప్రభుత్వ వ్యవస్థ గురించి 6 క్రెడిట్ అవర్లు తప్పనిసరి. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లవాడికి చరిత్ర తలుపే. అందులో 3 వచ్చినా చాలు, సంతోషంగా తీసుకోవచ్చు. చరిత్రే మేజర్‌గా చదవాలనుకునే పిల్లకి మాత్రం అదే కోర్సు మొదటి మెట్టు. మెట్టా తలుపా అన్నది పిల్లలు ఎటు వెళ్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

డాక్టర్ చేయాలనుకునే తల్లిదండ్రులు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. బయాలజీ, కెమిస్ట్రీల్లో ఏపీ క్రెడిట్‌ని కొన్ని మెడికల్ స్కూళ్లు ఒప్పుకోవు, కాలేజీలో చదివిన కోర్సే కావాలంటాయి. ఆ రెంటిలో 5 తెచ్చుకున్నా చాలామంది పిల్లలు కాలేజీలో మళ్లీ చదవాల్సిందే.

సరే, తలుపో మెట్టో తేలాక రెడీ అయ్యారో లేదో ఎలా చూడాలి?

మా అబ్బాయి విషయంలో నేను చేసినదే చెబుతాను. పోయిన ఏడాది, అంటే 2025లో, వాడు పదకొండో తరగతిలో ఏపీ యూఎస్ హిస్టరీ రాశాడు. ఆ పరీక్ష 3 గంటల 15 నిమిషాలు. 55 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలకి 55 నిమిషాలు, 3 చిన్న ప్రశ్నలకి 40 నిమిషాలు, తర్వాత రెండు వ్యాసాలు. ఆ రెంటిలో పెద్దదాన్ని డీబీక్యూ అంటారు. 7 పత్రాలు ఇచ్చి, వాటిని ఆధారంగా చేసుకుని వాదించమంటారు. ఆ ఒక్క వ్యాసానికే మొత్తం స్కోర్‌లో 25 శాతం. ఆ ఏడాది నుంచే పరీక్ష అంతా కంప్యూటర్ మీద, బ్లూబుక్ అనే యాప్‌లో పెట్టారు. కాబట్టి చేత్తో కాదు, టైప్ చేయాలి.

మార్చి చివర్లో ఒక ఆదివారం ఉదయం ఎనిమిదింటికి వాణ్ణి లైబ్రరీకి తీసుకెళ్లాను. ఇంట్లో కాదు. ఇంట్లో మంచినీళ్లకి లేస్తాడు, ఫోన్ చూస్తాడు, మధ్యలో నేనే వెళ్లి దోసె తింటావా అని అడుగుతాను. అలా రాసిన మాక్ టెస్ట్ మార్కుని నేను నమ్మను. తెలియని గది, తెలియని కుర్చీ, తను ఇంతకు ముందు చూడని పేపర్. ఒక్క షరతు పెట్టాను. ప్రతి ప్రశ్న పక్కన ఒక గుర్తు వేయాలి. కచ్చితంగా తెలిస్తే టిక్కు, అనుమానంగా ఉంటే చుక్క, ఊరికే ఊహించి పెడితే సున్నా. ఏపీలో తప్పుకి మార్కు తీసేయరు కాబట్టి ఏ ప్రశ్ననీ ఖాళీగా వదలొద్దు, కానీ గుర్తు మాత్రం నిజాయితీగా వేయమని చెప్పాను.

55లో 38 వచ్చాయి. ఆ అంకె నాకు ముఖ్యం కాదు. టిక్కులు 28 పెట్టాడు, అందులో 26 కరెక్ట్. చుక్కలు 15, వాటిలో 8 కరెక్ట్. సున్నాలు 12, అందులో 4 అదృష్టం. నేను ఆ సున్నాల్ని వేరే కాగితం మీద రాయించాను. దాదాపు అన్నీ ఒక్క చోటే ఉన్నాయి, 1865 నుంచి 1898 దాకా. రైల్వేలు, స్టీలు, కార్మిక సంఘాలు, వలస వచ్చినవాళ్లు. వాడే చూసి "ఆ చాప్టర్లప్పుడు నాకు ఫ్లూ, స్కూలుకి వెళ్లలేదు" అన్నాడు. పరీక్షకి ఇంకా ఆరు వారాలుంది. ఏం చదవాలో వాడికే తెలిసిపోయింది, నేను చెప్పక్కర్లేకపోయింది.

అదే పేపర్ వాడి స్నేహితుడు కూడా మాతో కూర్చుని రాశాడు. వాడికి 40 వచ్చాయి, మావాడి కంటే రెండు ఎక్కువ. కానీ వాడు 50 టిక్కులు పెట్టాడు. అంటే పన్నెండో పదమూడో ప్రశ్నలు నాకు బాగా తెలుసు అనుకుని తప్పు చేశాడు. ఏది తెలియదో తెలియని పిల్లవాడికి ఆరు వారాలు ఇచ్చినా ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియదు. తెలిసినదాన్నే మళ్లీ మళ్లీ చదువుతాడు. నన్ను అడిగితే ఆ రోజున రెడీకి దగ్గరగా ఉన్నది 38 వచ్చినవాడే.

నేను ఎవరికైనా ఈ ఒక్క పనే చెబుతాను. టిక్కులు లెక్కపెట్టండి. కోచింగ్ సెంటర్ వాళ్లు పంపే రంగురంగుల రిపోర్టు కంటే అది ఎక్కువ చెబుతుంది. నిజానికి మా పెద్దమ్మాయి ఒక కోచింగ్ సెంటర్‌కి కూడా వెళ్లింది. పద్ధతులన్నీ బాగా నేర్పారు, ఏ రకం ప్రశ్నకి ఏ రకం జవాబు అని. అందుకే 4 వచ్చింది. ఎందుకు అని అడిగే తీరిక మాత్రం అక్కడ లేదు. నేను కూడా ఇంట్లో అడగలేదు.

తలుపు లాంటి కోర్సుకి టిక్కుల లెక్క చాలు. మెట్టు లాంటి కోర్సుకి చాలదు. అక్కడ ఇంకో పని చేయాలి, పిల్లల చేత మాట్లాడించాలి. కరెక్ట్‌గా చేసిన లెక్కే ఇచ్చి, ఇది ఎందుకిలా చేశావు అని అడగాలి. తప్పు చేసిన లెక్క కాదు, కరెక్ట్‌గా చేసినదే. కాలిక్యులస్ పేపర్‌లో చేత్తో రాసే 6 ప్రశ్నలు ఉంటాయి, ఒక్కోదానికి 9 పాయింట్లు, వాటిలో సగం చోట్ల జవాబుకి కారణం రాయమంటారు. కాలేజ్ బోర్డ్ సైట్లో పాత ప్రశ్నలు, వాటికి మార్కులు వేసే పద్ధతి ఉచితంగానే ఉంటాయి. ఒక డిఫరెన్షియల్ ఈక్వేషన్ చేస్తూ ఇంటిగ్రేషన్ దగ్గర ప్లస్ సి పెట్టడం మర్చిపోతే, తర్వాత లైన్లన్నీ ఎంత బాగా చేసినా ఆ భాగంలో చాలా పాయింట్లు పోతాయి. పిల్లలు దాన్ని అన్యాయం అంటారు. ప్లస్ సి అంటే ఏమిటో తెలిసిన పిల్ల మాత్రం అలా అనదు. ఆ సి ఒక్కటి మారితే గీత మొత్తం మారిపోతుందని, ఏ గీత మనదో తేల్చేది అదేనని తనకి తెలుసు. ఆ మాట తన నోటితో చెప్పగలిగితే ఆ మెట్టు ఎక్కినట్టే. మీకు లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు. చెబుతున్నప్పుడు ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ "అదంతే, ఫార్ములా" అన్నారో వినడానికి లెక్కలు రానక్కర్లేదు.

డీబీక్యూ దగ్గర కూడా నాకు అదే కనిపించింది. మావాడు మొదటిసారి రాసిన వ్యాసంలో ఏడు పేరాలున్నాయి, పత్రానికి ఒకటి చొప్పున. మొదటి పత్రంలో ఇలా ఉంది, రెండో పత్రంలో ఇలా ఉంది. చదివితే ఎవరో సామాన్ల లిస్టు రాసినట్టుంది. "నువ్వేమంటున్నావు?" అని అడిగాను. వాడి దగ్గర జవాబు లేదు. ఏప్రిల్ మూడో వారానికి ఒక పేరా ఇలా మొదలుపెట్టాడు: ఈ ఉత్తరం రాసింది మిల్లు యజమాని, కాబట్టి సమ్మె గురించి అతను చెప్పే మాట అతని జేబుని బట్టి చదవాలి. అది చదివాక ఇంక నేను వాడి టైమ్ కూడా చూడలేదు.

డబ్బు, టైమ్ సంగతి తేలిగ్గా తీసేయలేను. మన ఇళ్లలో చాలావాటికి క్రెడిట్ అంటే సరదా కాదు. గ్రీన్ కార్డ్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న కుటుంబాల్లో పిల్లలకి 21 నిండితే తల్లిదండ్రుల మీద ఆధారపడి వచ్చిన హెచ్-4 వీసా పోతుంది, స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మారాలి. డిగ్రీ ఒక సెమిస్టర్ ముందు పూర్తవుతుందా లేదా అన్నది ఆ తల్లిదండ్రుల గుండెల మీద బరువు. మొన్న ఒకాయన నాతో "మీకు సిటిజన్‌షిప్ ఉంది కాబట్టి నిదానంగా చదివించమంటారు" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. ఆయనకి నేను చెప్పింది, క్రెడిట్లు తగ్గించుకోమని కాదు, ఎక్కడ పోగుచేయాలో చూసుకోమని.

తలుపుల లాంటి కోర్సులకి ఇంకో దారి ఉంది, క్లెప్ అనే పరీక్షలు. ఇదీ కాలేజ్ బోర్డ్‌దే, 1967 నుంచి ఉంది. 34 సబ్జెక్టులు. ఎక్కువ పరీక్షలు గంటన్నరే. ఏడాదిలో ఎప్పుడైనా రాయొచ్చు, ఫీజు వంద డాలర్ల లోపు. మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ ఉచితంగా కోర్సులు పెట్టి, పూర్తిచేసినవాళ్లకి ఆ ఫీజు కూడా కడుతోంది. స్కోర్ 20 నుంచి 80 దాకా ఉంటుంది, చాలా కాలేజీలు 50 వస్తే క్రెడిట్ ఇస్తాయి. ఈ 50 అంటే 50 శాతం కాదు, వందకి యాభై కూడా కాదు, ఆ స్కేల్ వేరు. ఇక్కడ కూడా నాకు కంగారు ఫోన్లు వస్తాయి. చాలా సబ్జెక్టుల్లో స్కోర్ అక్కడికక్కడే స్క్రీన్ మీద కనిపిస్తుంది. రాకపోతే మూడు నెలలు ఆగి మళ్లీ రాయొచ్చు. పెద్ద పేరున్న ప్రైవేట్ యూనివర్సిటీలు చాలావరకు క్లెప్‌ని తీసుకోవు. కాబట్టి వెళ్లాలనుకునే కాలేజీ పేజీలో చూసుకున్నాకే కూర్చోవాలి. ప్రభుత్వ వ్యవస్థ, సైకాలజీ, ఎకనామిక్స్ లాంటివి అలా దాటేస్తే సెమిస్టర్ మిగులుతుంది. కాలిక్యులస్ మెట్టు ఎగరేసి మిగుల్చుకోవాలనుకునే సెమిస్టర్‌కి మాత్రం మా అమ్మాయి విషయంలో ఏమైందో చెప్పాను.

ఏపీ, క్లెప్ రెంటికీ ఒక మంచి గుణం ఉంది. మన అంచనా తప్పినా పెద్దగా పోయేది లేదు. ఏపీకి రిజిస్టర్ చేసి రాయకపోతే 40 డాలర్లు పోతాయి. రాసి తక్కువ వస్తే ఇంట్లోనే ఉంటుంది. డ్యూయల్ క్రెడిట్, అంటే హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సు చదవడం, అలా కాదు. పదహారేళ్ల పిల్లలు మా కాలేజీలో కూర్చుని, పెద్దవాళ్లతో కలిసి చదువుతారు. అందులో వచ్చిన గ్రేడ్, సి అయినా ఎఫ్ అయినా, కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఉండిపోతుంది. కాలేజీ చదువుకి సిద్ధమేనా అని చూడటానికి రాష్ట్రం పెట్టిన టీఎస్ఐ పరీక్షలో లెక్కల్లో 950 వస్తే రెడీ అని లెక్క. నా క్లాసులో ఆ 950 దాటిన పిల్లల్లో సిలబస్ కాగితం చదవనివాళ్లు, మూడు వారాలు వెనకబడ్డాక కూడా నాకు ఒక్క మెయిల్ రాయనివాళ్లు ఎంతోమంది. రెండేళ్ల కింద ఒక తండ్రి నాకు మెయిల్ పెట్టారు, మావాడికి ఎంత వస్తోంది అని. కాలేజీలో చేరిన పిల్లల రికార్డు మీద హక్కు పిల్లలదే అవుతుంది, వయసు పదహారైనా సరే. ఫెర్పా చట్టం అంతే. ఆయనకి నేను ఏమీ చెప్పలేకపోయాను. ఆ అబ్బాయి ఇంట్లో ఏమీ చెప్పలేదని ఆ మెయిల్ చూస్తే తెలిసిపోతోంది. పరీక్షకైతే తొందరపడండి, ఫర్వాలేదు. డ్యూయల్ క్రెడిట్‌కి మాత్రం, టీచర్‌కి తనంతట తను మెయిల్ రాసుకోగలిగే దాకా ఆగమంటాను.

మా వీధి చివరావిడ చివరికి వాళ్లబ్బాయిని మానిపించలేదు. వాణ్ణి మా ఇంటికి పంపమన్నాను. అరగంట మాట్లాడాను. ప్రతి లెక్కకీ ఎందుకో చెప్పాడు, నేను అడగని రెండింటికి కూడా. 5 వచ్చింది. 97 వచ్చే అమ్మాయి తండ్రి మళ్లీ ఫోన్ చేయలేదు, నేను అడగలేదు.

మావాడికి చరిత్రలో 4 వచ్చింది. ఆ స్కోర్‌తో వాడు చరిత్ర 6 క్రెడిట్ అవర్లూ తీసుకుంటాడు, నాకేం దిగుల్లేదు. ఇప్పుడు వాడు ఏపీ కాలిక్యులస్ బీసీ క్లాసులో ఉన్నాడు. బీసీలో బాగా వస్తే రెండు మెట్లు ఒకేసారి వదిలేయొచ్చు. నవంబర్‌లో రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడింది. వాడు నన్ను అడగలేదు. దీపావళికి వాళ్లక్క ఇంటికొచ్చినప్పుడు, రాత్రి అందరం అరిసెలు తింటుంటే, తననే అడిగాడు. "అక్కా, రాయనా?"

తను సమాధానం చెప్పలేదు. గ్రోసరీ బిల్లు వెనక్కి తిప్పి దాని మీద ఒక లైను రాసింది. 9 మైనస్ ఎక్స్ స్క్వేర్, మీద వర్గమూలం గుర్తు. "దీన్ని గీయి" అంది.

వాడు కాసేపు చూశాడు. పక్కన వై ఈజ్ ఈక్వల్ టు అని పెట్టుకున్నాడు. రెండు వైపులా స్క్వేర్ చేశాడు. ఎక్స్ స్క్వేర్‌ని అటు తీసుకెళ్లాడు. తర్వాత పెన్ను తిప్పి ఒక వృత్తం గీయబోయి, సగంలో ఆపేశాడు.

"సగమే వస్తుంది కదా" అన్నాడు. "స్క్వేర్ చేస్తే మొత్తం వృత్తం వచ్చింది. మరి కింది సగం ఎక్కడినుంచి వచ్చిందక్కా?"

తను అరిసె పక్కన పెట్టి, కుర్చీ వాడి వైపు జరుపుకుంది.